పిడి విప్పి చూపించమని అడగండి

ధర్మాబాద్ మిరప మార్కెట్లో ఒక్క పొద్దున నిలబడితే చాలు, కొనడం అంటే ఏమిటో తెలుస్తుంది. బస్తా మూతి విప్పగానే పైన మెరిసే ఎర్రటి కాయలను ఖరీదుదారు అసలు చూడడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. ఒకటి విరిచి గింజ చూస్తాడు, తొడిమ దగ్గర తేమ ఉందేమోనని వేలితో నొక్కుతాడు. "పైన ఎట్లుందో లోపల గట్లనే ఉంది, నమ్మకం లేదా?" అంటూ ఎవరైనా ఆ చేతికి అడ్డం వస్తే, ధర అక్కడికక్కడే పడిపోతుంది.

ఆన్‌లైన్‌లో చైనా కత్తులు కొనే విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ బస్తా దగ్గరే ఉంది. కత్తికి బస్తా అడుగు ఎక్కడుంటుందంటే పిడి లోపల. అక్కడికి చెయ్యి పోనిచ్చే అమ్మకందారు దగ్గరే కొనాలి, పోనివ్వని వాడు ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయాలి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగతి తెలియక నా తమ్ముడికి కాలు పోయేంత పని అయింది.

మాది ధర్మాబాద్ పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, నాందేడ్ పోతే హిందీ. మా బాపు కమ్మరి. ఇప్పుడు డెబ్భై దాటాడు, కొలిమి మానేసి ఏళ్లయింది కానీ, ఇనుము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నాకు ఊళ్ళో వ్యవసాయ పనిముట్ల దుకాణం ఉంది. తమ్ముడు అమెరికాలో డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. అక్కడ జపాన్ పద్ధతి కత్తి విద్య నేర్పే క్లాసులో చేరాడు. నీళ్ళలో నానబెట్టిన చాప చుట్టను నిలబెట్టి ఒక్క వేటుతో కోయడం అక్కడి సాధన. కొన్నాళ్ళు పోయాక సొంత కత్తి కావాలన్నారు. జపాన్‌లో లైసెన్సు ఉన్న కమ్మరి నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదని అక్కడి నిబంధన. కాబట్టి ఆ కత్తి ధర వేల డాలర్లలో ఉంటుంది. ఉద్యోగస్థుడికి అందేవి చైనాలో చేసిన నమూనాలే. "అన్నా, ఇది జర చూడు, బాపుకు చూపించు" అంటూ రోజుకో లింకు వాట్సాప్‌లో రావడం మొదలైంది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఇది మన దేశంలో కూర్చుని ఆర్డర్ పెట్టే వ్యవహారం కాదు. 1959 ఆయుధాల చట్టం కింద కత్తి కూడా ఆయుధమే, బయటి దేశం నుంచి ఏ ఆయుధం తెప్పించినా లైసెన్సు ఉండాలి. సిక్కు సోదరుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణంలోనే చోటుంది, ఆ సంగతి వేరు. కొరియర్‌లో వస్తున్న కత్తులను మహారాష్ట్ర పోలీసులు పట్టుకున్న వార్తలు 2022లో మనమంతా చదివాం. నాందేడ్ కుర్రాళ్ళు సరదాకి ఇలాంటి పార్సిల్ తెప్పించుకుంటే కేసు మీద పడుతుంది. నేను రాసేది బయట, అక్కడి చట్టం ఒప్పుకునే చోట, సాధన కోసం కొనుక్కునే మన పిల్లల గురించి.

మొదటి కత్తి సంగతి. ధర 120 డాలర్లు. పేజీలో రాయని గొప్ప లేదు. టీ10 ఉక్కు, మట్టి పూసి పదును పెట్టారు, వేల మడతలు వేశారు, చేత్తో మెరుగు పట్టారు, యుద్ధానికి సిద్ధం. ఫొటోల్లో వాదర వెంబడి తెల్లటి అలల గీత అద్దంలా మెరుస్తోంది. నాలుగు వందలకు పైగా రివ్యూలు, దాదాపు అన్నీ ఐదు చుక్కలవే. బాపు ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "పిడి లోపల తోక ఎంత దూరం పోయింది?" అని అడిగాడు. కత్తి ఇనుము పిడిలోకి దిగే భాగాన్ని మా ఇంట్లో తోక అంటారు, ఇంగ్లీషులో టాంగ్. పేజీలో ఫుల్ టాంగ్ అని రాసి ఉంది బాపూ అన్నాను. "రాసుడు కాదు, చూపించిండా?" అన్నాడు. చూపించలేదు. తమ్ముడు అప్పటికే డబ్బు కట్టేశాడు.

కత్తి వచ్చింది. అందంగానే ఉంది. మూడో వారం ఇంటి గ్యారేజీలో ఉత్తినే గాలిలో తిప్పుతుంటే పిడి చేతిలో కొంచెం కదిలినట్టు అనిపించిందట. వీడియో పంపాడు. బాపు వీడియో చూడకుండా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రెండోసారి తిప్పినప్పుడు సన్నగా టిక్ మని ఒక చప్పుడు. "ఆపమను. మళ్ళ లేపొద్దని చెప్పు." అప్పుడు డాలస్‌లో రాత్రి పదకొండు. నేను ఫోన్ చేసేలోపే వాడు ఇంకోసారి తిప్పాడు, పిడి చేతిలో ఉండగానే కత్తి ఊడి పోయింది. వాడి కుడి మోకాలి పక్క నుంచి పోయి గోడకు ఆనించిన అట్టపెట్టెలో దిగబడింది. ఫోన్ ఎత్తి వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది.

మర్నాడు వీడియో కాల్‌లో పిడి విప్పించాం. ఈ రకం కత్తుల్లో తోకకు బెజ్జం ఉంటుంది, పిడి చెక్క నుంచి తోక మీదుగా అవతలికి వెదురు మేకు దిగుతుంది. కత్తిని పిడికి పట్టి ఉంచేది ఆ చిన్న మేకే. వీడి కత్తికి బయటికి రెండు మేకులు కనపడుతున్నాయి. ఒకటి నిజమైనదే కానీ వెదురుది కాదు, మెత్తటి చెక్కకు రంగు పూశారు. అది మధ్యలో విరిగి ఉంది. రెండోది మేకే కాదు. అటు ఒక బొడిపె, ఇటు ఒక బొడిపె జిగురుతో అంటించారు, మధ్యలో ఖాళీ. అసలు అక్కడిదాకా తోక వస్తే కదా. తోక రెండో బెజ్జానికి రెండు వేళ్ళ దూరంలోనే ఆగిపోయింది. కొనేవాడి కంటికి రెండు మేకులు కనపడాలని ఎవరో కూర్చుని ఆ బొడిపెలు అంటించారు. పొరపాటున జరిగేది కాదది.

అమ్మిన వాడికి ఫొటోలు పంపితే మొదటి జవాబు: "ఇది అలంకరణ వస్తువు, తిప్పడానికి కాదు." పేజీలో యుద్ధానికి సిద్ధం అని రాశారు కదా అంటే రెండో జవాబు: 15 డాలర్లు తిరిగి ఇస్తాం, మీరు పెట్టిన రివ్యూ తీసేయండి. ఆ నాలుగు వందల ఐదు చుక్కలలో ఎన్ని ఇలా పోగయ్యాయో అప్పుడు ఆలోచనకు వచ్చింది. తమ్ముడు రివ్యూ తీయలేదు, డబ్బు తీసుకోలేదు.

ఈ సంగతి చెప్పిన ప్రతి చోటా ఒకటే మాట: "చైనా మాల్ కదా, అంతే." నేను ఈ మాట ఒప్పుకోను. తప్పు దేశం మీద వేస్తే ఆ బొడిపెలు అంటించిన చెయ్యి తప్పించుకుంటుంది. జెజియాంగ్ రాష్ట్రంలో లాంగ్‌చ్వాన్ అనే ఊరుంది. కత్తుల తయారీకి ఎప్పటి నుంచో పేరున్న ఊరు. ఔ యెజీ అనే ప్రాచీన కమ్మరి అక్కడ కత్తులు చేశాడని వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. అక్కడి కత్తి తయారీని 2006లో చైనా ప్రభుత్వం జాతీయ వారసత్వ కళల జాబితాలో చేర్చింది. ఈ రోజు ప్రపంచంలో అమ్ముడయ్యే నమూనా కత్తుల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కల కొలుముల నుంచి వచ్చేవే. దాలియన్‌లో హన్వీ అనే కంపెనీ చేసే కత్తులతో అమెరికాలో, యూరప్‌లో ఎంతోమంది సాధన చేస్తారు. మన దేశంలోనూ డెహ్రాడూన్‌లో విండ్లాస్ వాళ్ళు 1943 నుంచి ఉన్నారు, పాత కాలం నమూనాలు చేసి ఎగుమతి చేస్తారు. ఒకే వీధిలో పక్కపక్క కొట్లలో ఒకడు నిండు తోక దింపుతాడు, ఒకడు బొడిపె అంటిస్తాడు. మా ఊళ్ళోనూ అంతే. కొడవలికి ఉక్కు పెట్టానని చెప్పి ఉత్త ఇనుము అంటగట్టే కమ్మరులు ఉన్నారని బాపే చెప్తాడు.

ఇక పేజీల్లో రాసే మాటల గురించి.

ఉక్కు పేరు పక్కన కనపడే అంకెలో మర్మం ఏమీ లేదు. 1045 అంటే కర్బనం దాదాపు 0.45 శాతం, 1060 అంటే 0.60, 1095 అంటే 0.95. టీ10 చైనా వాళ్ళ పనిముట్ల ఉక్కు, అందులో కర్బనం 1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. 65ఎంఎన్, 9260 స్ప్రింగ్ ఉక్కులు. బాపు జీవితమంతా కొడవళ్ళు చేసింది పాత లారీ కమాను పట్టీలతోనే, కాబట్టి స్ప్రింగ్ ఉక్కు అనగానే ఆయన మొహం వెలిగింది. అంకె పెద్దదైతే కత్తి గొప్పదని అనుకోవద్దు. కర్బనం పెరిగిన కొద్దీ వాదర గట్టిపడుతుంది, కాల్చి ముంచి పదును పెట్టే చెయ్యి కుదరకపోతే అదే ఉక్కు గాజులా పగులుతుంది. నేర్చుకునేవాడికి చక్కగా పదును పెట్టిన 1060 చాలు. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్న పొడవాటి కత్తి మాత్రం గోడకే, చేత్తో తిప్పడానికి కాదు.

మడతలు, డమాస్కస్ అనే మాటలు చూస్తే నాకు కోపం వస్తుంది. మా పక్క నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం ఉంది. మూసలో కరిగించి చేసిన ఆ ఊరి ఉక్కు ఒకప్పుడు ఇరాన్ దాకా పోయేది. కొనడానికి ఇరాన్ వర్తకులు అక్కడికే వచ్చేవారని 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త వ్యాసంలో ఉంది. ఇలాంటి ఉక్కును ఇంగ్లీషులో వూట్జ్ అంటారు, ఆ మాట మన 'ఉక్కు' అనే మాట నుంచే పుట్టిందని చాలామంది పండితులు అంటారు. ఒకప్పుడు డమాస్కస్ అని పేరుపడింది ఇలాంటి ఉక్కే, అందులో కనపడే నీటి అలల్లాంటి గీతలు లోహం లోపలి నుంచే వస్తాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో డమాస్కస్ అని అమ్మేది వేరు. రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చింది. చూడ్డానికి బాగుంటుంది, తప్పేం లేదు. కానీ ఆ మడతల వల్ల కత్తికి బలం వస్తుందని రాస్తే అది అబద్ధం. పాతకాలపు కమ్మరి మడత పెట్టింది మురికి ఇనుమును శుభ్రం చేయడానికి. ఫ్యాక్టరీ నుంచి శుభ్రంగా వచ్చే ఇప్పటి ఉక్కుకు ఆ అవసరమే లేదు. పైగా ప్రతి మడత దగ్గరా అతుకు సరిగ్గా పడకపోయే ప్రమాదం ఒకటి.

వాదర వెంబడి ఉండే అలల గీతను జపాన్ వాళ్ళు హామోన్ అంటారు. వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచితే, వాదర గభాలున చల్లారి గట్టిపడుతుంది, వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండింటి హద్దే ఆ గీత. బాపుకు ఇది చెప్పగానే పట్టేశాడు, "గొడ్డలి నోటికి ఉక్కు పెట్టుడు అసొంటిదే గదా!" అని. చవక కత్తుల మీద ఆ గీతను ఆమ్లంతోనో తీగ బ్రష్‌తోనో గీస్తారు. తేడా ఒక్క ఫొటోలో దొరకదు. అందుకే వీడియో అడగాలి. కత్తిని దీపం కింద మెల్లగా తిప్పమనాలి. అసలు గీత వెలుగు పడే కోణాన్ని బట్టి కనపడి మాయమవుతుంది, దాని అంచున సన్నటి మంచు పట్టినట్టు ఉంటుంది. గీసిన గీత ఎటు తిప్పినా ఒకేలా తెల్లగా ఉంటుంది. ఒక అల ఎలా ఉందో పదో అల కూడా అచ్చం అలాగే ఉంటే అది అచ్చు గుద్దిందే.

పాతవి అని అమ్మేవాళ్ళు ఇంకో రకం. ఛింగ్ రాజుల కాలపు అసలు కత్తి అంటారు, తుప్పు పట్టిన ఫొటో పెడతారు, చైనా నుంచే నేరుగా పంపిస్తామంటారు. 1911కు ముందటి చారిత్రక వస్తువులను దేశం దాటించడం చైనాలో నిషేధం. అంటే ఆ కత్తి కొత్తది, లేదా దొంగతనంగా వస్తోంది. రెండింటిలో ఏదైనా మనకు వద్దు.

తోక తర్వాత నేను నమ్మేది తూకాన్ని. ఈ రకం కత్తి ఒర లేకుండా 1 కిలో నుంచి 1.3 కిలోల లోపు ఉంటుంది. గోడకు పెట్టే కత్తులు చాలాసార్లు అంతకంటే బరువుగా ఉంటాయి, ఎందుకంటే ఒకే మందం ఉన్న రేకును కత్తి ఆకారంలో కోసి వదిలేస్తారు. చెయ్యి తిరిగినవాడు చేసిన కత్తి పిడి దగ్గర 6, 7 మిల్లీమీటర్ల మందం ఉంటే మొన దగ్గరికి వచ్చేసరికి 4, 5కు దిగుతుంది. ఈ సన్నబడటం ఫొటోలో కనపడదు, పేజీలో రాయరు. అడగాలి.

అడగడంలోనే అమ్మేవాడి గుణం బయటపడుతుంది. మొదటి దెబ్బ తిన్నాక మేం తొమ్మిది మంది అమ్మకందారులకు ఒకటే ప్రశ్న పంపాం. మీ దగ్గరున్న ఈ ఒక్క కత్తిని తక్కెడ మీద పెట్టి, పక్కన ఈ రోజు తేదీ రాసిన చీటీ ఉంచి ఫొటో తీయండి. మేకులు తీసి తోక చూపించండి. పిడి దగ్గర, మొన దగ్గర మందం కొలిచి చెప్పండి. ఐదుగురు పేజీలో ఉన్న మాటలనే తిప్పి పంపారు. వాళ్ళ దగ్గర కత్తి లేదు. ఎవరి గోదాములోనో ఉన్న సరుకుకు వీళ్ళు ఫొటో మాత్రం పెట్టుకున్నారు. ఒకాయన తోక విప్పితే గ్యారంటీ పోతుందన్నాడు. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు, మేకు తీసి తుడిచి మళ్ళీ పెట్టడం ఈ కత్తుల సంరక్షణలో మామూలు పని. ఇద్దరు జవాబే ఇవ్వలేదు.

రివ్యూలు కూడా మిరప బస్తా పైకాయల్లాంటివే. కత్తి అందిన రోజే రాసినవి ఎక్కువ, అందులో ఉండేది ప్యాకింగ్ గురించి, మెరుపు గురించి. ఆరు నెలలు కోసిన తర్వాత రాసినవాడి మాట ఒక్కటి దొరికినా నాకు నాలుగు వందల చుక్కల కంటే ఎక్కువ. మూడు చుక్కలు ఇచ్చినవాళ్ళ మాటలు ముందు చదవండి, కోపం లేకుండా లోపం చెప్పేది వాళ్ళే.

నాందేడ్‌లో సచ్‌ఖండ్ గురుద్వారా దారిలో వరసగా కత్తుల దుకాణాలు ఉంటాయి. 1708లో గురు గోవింద్ సింగ్ పరమపదించిన చోటు అది, ఆయుధాన్ని పూజించే ఊరు. మా దుకాణం సరుకు కోసం పోయినప్పుడల్లా నేనూ కాసేపు ఆగుతాను. ఒకసారి ఒక కుర్రాడు బంగారు పూత పిడి ఉన్న తల్వార్ చేతిలోకి తీసుకుని ఒక్క ఊపు ఊపబోయాడు. కొట్టు సర్దార్‌జీ గభాలున లేచి వాడి మణికట్టు పట్టుకున్నాడు. "బేటా, ఇది పూజకు, పెళ్లికి. పిడి లక్కతో అతికింది, ఊపితే ఊడుతుంది" అన్నాడు. ఆ కుర్రాడు కొన్నాడా లేదా నేను చూడలేదు. ఆ ముసలాయన తన సరుకు లోపాన్ని తనే చెప్పాడు. అలంకరణ కత్తి అమ్మడం మోసం కాదని నాకు ఆ రోజు స్పష్టంగా అర్థమైంది. అలంకరణ అని కొన్న తర్వాత చెప్పడమే మోసం.

కొనేవాళ్ళ తప్పు కూడా చెప్పకుండా ఉండలేను. చేత్తో మెరుగు పట్టడానికి రోజులు పడుతుంది. మట్టి పూసి ముంచిన కత్తుల్లో కొన్ని నీళ్ళలోనే పగిలిపోతాయి, ఆ నష్టం మిగిలిన వాటి ధరలోనే కలవాలి. వెదురు, చెక్క, చేప తోలు, దారం చుట్టడం, ఒర, సముద్రం దాటించడం. ఇవన్నీ కలిపి 120 డాలర్లకు ఎలా వస్తాయని మేం ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. పేజీలో రాసింది నిజం కావాలని కోరుకున్నాం, అందుకే నమ్మాం. ఒక మనిషి పది రోజుల కూలి అందులో ఉందని బాపు ఒక్క చూపులో లెక్క కట్టాడు. ఆయన్ని అడిగేలోపే మేం డబ్బు కట్టేశాం.

తొమ్మిదో అమ్మకందారు జవాబు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. తక్కెడ ఫొటో, తేదీ చీటీ, 1,140 గ్రాములు. పిడి దగ్గర 6.8 మిల్లీమీటర్లు, మొన దగ్గర 4.6. తోకను గుడ్డ మీద పెట్టి రెండు వైపులా తీసిన ఫొటోలు. కింద విరిగిన ఇంగ్లీషులో మూడు వాక్యాలు. ఉక్కు 1060, హామోన్ లేదు. ఒర కొంచెం వదులు, తలకిందులు చేస్తే కత్తి జారుతుంది. పిడి దారం చుట్టులో ఒక చోట వంకర ఉంది, కావాలంటే వేరేది పంపుతాను, కానీ మూడు వారాలు పడుతుంది. ధర 260. వేల మడతల ఊసే లేదు.

తమ్ముడు ఆ వంకర ఉన్నదే తీసుకున్నాడు. పార్సిల్ వచ్చిన రోజు మాకు తెల్లవారుజాము. బాపు అప్పటికే లేచి అరుగు మీద కూర్చున్నాడు. తమ్ముడు ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి, చిన్న ఇత్తడి సుత్తితో మేకును తట్టి బయటికి తీశాడు. పిడి జారింది. తోక పిడి చివర దాకా ఉంది, రెండు బెజ్జాలూ శుభ్రంగా తొలిచి ఉన్నాయి, కమ్మరి ఆకురాయి గీతలు ఏటవాలుగా కనపడుతున్నాయి. బాపు కళ్ళద్దాలు పైకి తోసుకుని ఫోన్ మీదికి వంగాడు.

"ఆ మేకు ఇటు చూపించు. వెదురేనా?"

తమ్ముడు దాన్ని కెమెరా దగ్గర పెట్టి గోటితో గీశాడు. పొడవునా సన్నటి నార లేచింది.

"ఊఁ. మళ్ళ దింపు. ఏ వైపు నుంచి తీసినవో అటు నుంచే."